నిద్రకు పిలవని వీధి

మొన్నటి మునిసిపల్ ఎన్నికల్లో నేను మైకులో ఏమి మాట్లాడానో అడిగితే చెప్పలేను. రాసిచ్చింది చదివాను, చెప్పమన్నది చెప్పాను, దండం పెట్టమన్నచోట పెట్టాను. ఏయే ఇళ్ళ గడప దాటలేకపోయానో మాత్రం ఇప్పటికీ వరుసగా చెప్పగలను. తమిళనాడులోని మా ధర్మపురిలో ఒక వార్డుకు కౌన్సిలర్‌గా నిలబడి ఓడిపోయినదాన్ని నేను. ఓడిపోయినవాళ్ళు సాధారణంగా డబ్బు మీదో కులం మీదో నెట్టేస్తారు. నాకా సౌకర్యం లేదు. నేను ఎందుకు ఓడిపోయానో నాకు బాగా తెలుసు, మా వీధికీ తెలుసు. తెలియనిది పార్టీవాళ్ళకే.

నా భర్తకు బస్టాండు పక్కన మోటారు వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చేవాడు. మిగతా పొద్దంతా పార్టీకే. వార్డు సెక్రటరీ అన్న పేరు తప్ప ఆ పార్టీ ఆయనకు ఇచ్చింది ఏమీ లేదు. ఆ పేరుకే మురిసిపోయేవాడు. దీపావళికి ముందు ఒకరోజు షాపులో మోటారు విప్పుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. ఆస్పత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది.

ఆ తర్వాత నాకు ఏమీ కాలేదు. ఇట్లా రాయడం వింతగానే ఉంది కానీ జరిగింది అదే. ఏడుపు రాలేదు. ఆకలి వేయలేదు, వేయలేదన్న దిగులూ కలగలేదు. హోసూరులో కంపెనీ పని చేసే మా అబ్బాయి ఆదివారం వచ్చి నేను వండిన సాంబారు నోట్లో పెట్టుకుని, ఉప్పే వేయలేదే అమ్మా అన్నాడు. వారమంతా నేను అట్లాగే వండుకు తిన్నానేమో. నిద్ర మాత్రం పూర్తిగా పోయింది. పడుకుంటే కళ్ళు తెరుచుకునే ఉండేవి. తెల్లవారితే లేచేదాన్ని, లేవకపోయినా తెల్లవారేది.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎన్నో తరాల కిందట ఈ నేలకు వచ్చి ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడుకుంటూ బతికేవాళ్ళం మేము. భర్త పోయిన ఆడదాన్ని కర్మలు అయ్యాక ముందుగా పుట్టింటివాళ్ళు వచ్చి పిలుచుకుపోవాలి. అక్కడ అన్నం పెట్టి, చాప వేసి, ఒక రాత్రి పడుకోబెట్టి, పొద్దున చీర పెట్టి పంపాలి. దీన్నే నిద్రకు పిలవడం అంటాం. పుట్టింట్లో ఆ నిద్ర అయ్యాక ఒకరి తర్వాత ఒకరు చుట్టాలు పిలుస్తారు. అప్పటినుంచి ఆమె ఎవరి ఇంటికైనా పోవచ్చు. అది కానంతవరకు ఇంకొకరి గడప దాటకూడదు. కోపంతోనో అసహ్యంతోనో కాదు, అది అంతే. చెప్పులు బయట విడవడం ఎట్లాగో అట్లా.

నా పుట్టిల్లు పెన్నాగరం అవతల పిక్కిలి అనే పల్లె. అమ్మానాన్న లేరు, అన్న ఒక్కడే ఉన్నాడు. రాగులు, వేరుశెనగ పండించుకుంటాడు. కర్మల రోజు అందరూ వెళ్ళిపోయాక నా పక్కన కూర్చున్నాడు.

“పాపకు పెండ్లి కుదిరిపోయింది మా. మాసి నెలలో, శివరాత్రి దాటినాక ముహూర్తం. శుభకార్యం పెట్టుకుని నిన్ను నిద్రకు పిలిస్తే వియ్యపోళ్ళు ఏమంటారో. పెండ్లి కానీ, మర్నాడే వచ్చి పిల్చుకపోతాను,” అన్నాడు.

సరే అన్నాను. ఆ రోజుల్లో నేను అన్నిటికీ సరే అనేదాన్ని.

పొంగల్ ముగిసి మూడు పొద్దులు కాలేదు, పార్టీ టౌన్ సెక్రటరీ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. పెద్దాయన, తమిళుడు, నా భర్త పాడె మోసినవాళ్ళలో ఒకడు. మా వార్డు ఈసారి ఆడవాళ్ళకు కేటాయించారట. మీ ఆయన కష్టం వృథా పోకూడదు, మీరే నిలబడాలమ్మా అన్నాడు. గెలుపు ఓటములు ఆ తెలుగు వీధిలో ఉన్నాయన్నాడు. మా ఇంటి వెనకనే ఉంది ఆ వీధి, అంతా మా వాళ్ళే. నోటీసు తెలుగులో వేద్దామంటే వాళ్ళలో ఎవరికీ ఆ అక్షరాలు రావు, తమిళంలో వేస్తే అందరూ వేసినట్టే, మీరు ఇంటింటికీ పోయి మీ మాటలో అడిగితే కాదనలేరు, అని విడమరిచి చెప్పాడు. లెక్క బాగానే ఉంది. ఆయనకు తెలియనిది ఒకటే, నేను ఇంటింటికీ పోకూడదని. అది తెలిసినదాన్ని నేను. ఆ క్షణాన నాకది తట్టనే లేదు. మిద్దె ఎక్కి నిలబడమన్నా సరే అని ఉండేదాన్ని.

అన్నకు ఫోన్ చేసి చెబితే, “నీ ఇష్టం మా, బావ పేరు నిలబెట్టు,” అన్నాడు. పెండ్లిపత్రికల పనిలో ఉన్నాడు. ఆయనకూ తట్టలేదు.

ప్రచారం తమిళ వీధులతో మొదలైంది. ముందు మైకు కట్టిన ఆటో, వెనక తప్పెట్లు, మధ్యలో నేను. మా ఊళ్ళో ఓటు అడగడానికి వచ్చినవాళ్ళకు ప్రతి గుమ్మంలో హారతి ఇస్తారు. పసుపునీళ్ళ పళ్ళెంలో కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పి, నుదుట కుంకుమ పెడతారు. నా దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ చేతులు ఆగిపోయేవి. మొదటి ఇంట్లో ఆవిడ పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. తర్వాత లోపలికి పరుగెత్తి విభూది తెచ్చి పెట్టింది. ఆ సంగతి ఎట్లా పాకిందో, పక్క వీధి నుంచి పళ్ళేల్లో విభూది సిద్ధంగా ఉండేది. సాయంత్రానికి నా నుదురు సున్నం కొట్టిన గోడ అయ్యేది. “భర్తను పోగొట్టుకున్న మీ చెల్లెలు, మీ ఇంటి బిడ్డ” అని మైకులో అరుస్తుంటే ఎవరి గురించో అనుకుని వినేదాన్ని. కొందరు ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు. నేను వాళ్ళ వీపు నిమిరాను. వచ్చినవాళ్ళు పోయినవాళ్ళు శాలువాలు కప్పారు. ఆ ఎండలో అవి మోయడమే పెద్ద పని. పెద్దాయన మాత్రం తెగ సంతోషించాడు. ఈ వీధులు మనవేనమ్మా అన్నాడు.

ఆ తర్వాతే మా వీధి.

మొదటి ఇల్లు ఒక అవ్వది. నా పెండ్లికి కట్నంగా ఇత్తడి చెంబు చదివించిన మనిషి. మమ్మల్ని చూసి గబగబా బయటికి వచ్చి, తలుపు వెనక్కి లాగి, అరుగు మీద కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు.

“ఏమ్మే, నిద్రకు పోయొచ్చినావా?” అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. వీధి మధ్యలో, మెడలో దండతో.

“లేదవ్వా.”

“మరి ఎట్లా వచ్చేసినావు? లోపల మనవరాలు నిండు నెలలతో ఉండాది.” ఆమె గొంతులో కోపం లేదు. ఎండలో చెప్పుల్లేకుండా నడిచివచ్చిన పిల్లను అడిగినట్టు అడిగింది. “మీ అన్న పిలవలేదా?”

“పాప పెండ్లి ఉందవ్వా.”

అవ్వ తల ఊపింది. లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెప్పించి అరుగు మీదే ఇచ్చింది. నేను తాగి, ఓటు వేయమని గుర్తు చూపించాను. ఆమె గుర్తు వైపు చూడలేదు, నా వైపే చూసింది.

వీధి పొడవునా అదే. ప్రతి ఇంట్లోంచి ఎవరో ఒకరు బయటికి వచ్చారు. అబ్బాయి బాగున్నాడా, షాపు ఏమి చేసినావు, ఒళ్ళు ఇట్లా చిక్కిపోయినావే అని అడిగారు. రా అని ఒక్కరూ అనలేదు. పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలే ఆపారు. వెనక వస్తున్న మా కుర్రాళ్ళు, ఈ వీధిని అవతలివాళ్ళు కొనేశారని గుసగుసలాడుకున్నారు. ఏమన్నారమ్మా అని పెద్దాయన అడిగితే చూస్తామన్నారు అని చెప్పాను. అసలు సంగతి చెప్పి ఉండవచ్చు. ఆయన నవ్వేవాడు కాదు కూడా, మంచివాడు. కానీ అంత పొడుగు మాట మొదలుపెట్టి చివరిదాకా మోసే ఓపిక నాకు లేదు.

వీధి చివర నా మీద పోటీకి నిలబడ్డ ఆమె ఇల్లు. ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. వార్డులో సగం ఇళ్ళ టిఫిన్లు ఆమె గ్రైండర్ లోంచి వచ్చేవే. నాకంటే పెద్దది, ఆమె పుట్టిందీ పిక్కిలిలోనే. చిన్నప్పటినుంచి అక్కా అనే పిలుస్తాను. అవతలి పార్టీవాళ్ళు ఆమెను పట్టుకున్నది కూడా ఆ వీధి కోసమే. పోటీలో ఉన్నవాళ్ళ ఇంటి ముందు ఆగి దండం పెట్టడం మర్యాద కాబట్టి ఆగాము. పిండి చేతులతోనే వీధిలోకి వచ్చింది.

“తిన్నావా?”

“తిన్నానక్కా.”

“నిద్ర పడతా ఉందా?”

“లేదు.”

“అన్న?”

“పెండ్లి అయినాక పిలుస్తానన్నాడు.”

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఏదో అనబోయి, వెనకనున్న మా జెండాల వైపు చూసి, చేతికంటిన పిండి తుడుచుకుంటూ లోపలికి పోయింది. అవతలివాళ్ళతో నడివీధిలో అంత మాటలేమిటమ్మా అని పెద్దాయన మెత్తగా మందలించాడు.

ఇంటికి వచ్చి అన్నకు ఫోన్ చేశాను. నేను ఆయన్ను ఏదైనా అడగడం నా పెండ్లయినాక అదే మొదలు.

“అన్నా, ఓట్ల లోపల ఒక్క రాత్రికి పిలుచుకపో. పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను. ఈ వీధిలో ఎవరూ నన్ను లోపలికి రానీయలేదు.”

“పందిరి రాట నాటేసినాము మా,” అన్నాడు. “ఇప్పుడెట్లా? నీకు తెలియంది కాదు కదా.”

“తెలుసు,” అని పెట్టేశాను.

అప్పుడు నాకు కోపం రావలసింది. వస్తుందేమోనని ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను కూడా. రాలేదు. ఆ గడపలు తెరుచుకోకపోతే ఆ ఓట్లు రావని తెలుసు, ఆ ఓట్లు రాకపోతే నా భర్త ఏళ్ళతరబడి తిరిగిన వార్డు ఇంకొకరి చేతికి పోతుందని తెలుసు. తెలిసినదంతా ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టు ఉండేది.

మళ్ళీ రెండుసార్లు ఆ వీధికి తీసుకుపోయారు. మూడోసారి అవ్వే ఉండబట్టలేక చెప్పేసింది. “పిండి రుబ్బే ఆమె వచ్చి వంటింట్లో కూర్చుని, కాఫీ తాగి, మనవరాలి కడుపు మీద చెయ్యి పెట్టి అడిగిపోయింది. నువ్వు వీధిలో నిలబడి అడిగితే ఎట్లా మా వేసేది? మనసు రావాల కదా.” అది నిజమే. నేనైనా ఆమెకే వేసి ఉండేదాన్ని.

ఓట్ల రోజు బూతు దగ్గర ఎండలో నిలబడ్డాను. మా వీధి ఆడవాళ్ళు ఒక గుంపుగా వచ్చారు. నన్ను దాటుకుపోతూ ఒక్కొక్కరే నా చెయ్యి పట్టుకుని వదిలారు. ఓటు వేయబోనివాళ్ళు పట్టుకునే తీరు అది. ఓట్లు లెక్కపెట్టిన కాలేజీలో మా వార్డు చివరిదాకా నాదే అనుకున్నారట. మా వీధి ఓట్లున్న మిషను తెరిచాక తారుమారైంది. ఓడింది కొద్దిలోనే. పెద్దాయన నన్ను ఏమీ అనలేదు. ఓట్లకని వచ్చిన మా అబ్బాయి భుజం ఆయనే తట్టి, పాపం అమ్మ, చూసుకో అన్నాడు. నేను ఆటోలో ఇంటికి వచ్చి శాలువాలు మడిచి బీరువాలో పెట్టాను. మైకుల గోల లేని వీధి చాలా పెద్దదిగా అనిపించింది. అబ్బాయి హోసూరుకు పోయాడు, ఫోను మోగడం మానేసింది.

కొత్త కౌన్సిలర్లు ప్రమాణం చేయడానికి ముందురోజు సాయంత్రం తలుపు చప్పుడైంది. చూస్తే పిండి అక్క. ఒంటరిగా వచ్చింది, మెడలో దండా లేదు, వెనక మనుషులూ లేరు.

“పద,” అంది. “నిద్రకు పిలవడానికి వచ్చినాను.”

నేను అర్థంకానట్టు చూశాను. “మొదట పుట్టింటివాళ్ళు కదక్కా పిలవాల్సింది.”

“పుట్టింటోళ్ళంటే మీ అన్న ఒక్కడేనా? నేనేమి పిక్కిలిలో పుట్టలేదా? నీకు జడ వేసి బడికి పంపినదాన్ని. లెయ్, తాళం వెయ్యి.”

వెళ్ళాను. గెలిచిన మనిషి వెనక ఓడిన మనిషి ఆ వీధిలో నడిచిపోతుంటే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. ఆమె గుమ్మం దగ్గర నా కాళ్ళ మీద చెంబుతో నీళ్ళు పోసింది. గడప దాటమంది. దాటాను. పీట వేసి అన్నం పెట్టింది. ఇంటి నిండా జనం ఉండాల్సిన సాయంత్రం అది. రేపటిదాకా ఎవరూ రావొద్దని చెప్పేసిందట.

వడ్డిస్తూ, నా ముఖం చూడకుండా అంది. “నేను ఒకటి చెప్పాల. నువ్వు ఓటుకని మా ఇంటి ముందరికి వచ్చిన పొద్దే నిన్ను పిలిచుండొచ్చు. నోటిదాకా వచ్చింది. పిలిచింటే వీధంతా నీకు తలుపు తీసుండును, ఓట్లు నీకే పడుండును. అది తెలిసే పిలవలేదు.”

గరిటె గిన్నెలో పెట్టి నేను ఏమంటానోనని కూర్చుంది. పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఎక్కువైందని నాకు తెలిసింది. అదే చెప్పాను.

“ఎక్కువైందా?” అని వేలితో నాలుక్కి రాసుకుని చూసుకుంది. “అవును, ఎక్కువైంది.”

నడిమి గదిలో కొత్త చాప, కొత్త దిండు వేసింది. పద్ధతి ప్రకారం ఆ గదిలోనే ఒక మూల ఆమె కూడా పడుకుంది. గ్రైండరు ఆపేసింది. రేపటి ఇడ్లీలకు వార్డు ఏమి చేస్తుందోనని నేను అనుకున్నట్టు గుర్తు. ఆ తర్వాతది గుర్తు లేదు.

తప్పెట్ల మోతకు మెలకువ వచ్చింది. ఎక్కడో దూరంగా, బజారు వైపు నుంచి వినిపిస్తున్నాయి. కిటికీలోంచి ఎండ గది సగం దాకా వచ్చేసి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. దిండు పక్కన మడత విప్పని చీర ఒకటి పెట్టి ఉంది. అంచు చూశాను, వాళ్ళ పార్టీ రంగు కాదు. అంత జాగ్రత్త పడిన మనిషి మీద నాకు నవ్వు రాబోయింది. దాని వెంటే కోపం వచ్చింది.

చాప మీద కూర్చుని, చీర ఒళ్ళో పెట్టుకుని, కోపంతో వణికాను. తెలిసి తెలిసి నోరు మూసుకున్న ఈమె మీద కోపం. పందిరి రాట చూపించి నన్ను వదిలేసిన అన్న మీద కోపం. విభూది పళ్ళేల ముందు నన్ను ఊరేగించిన పార్టీ మీద కోపం. అందరికంటే, ఊళ్ళో అందరి మోటార్లూ బాగుచేసి, ఛాతీలో నొప్పి వస్తోందని ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా పోయినవాడి మీద కోపం. అంత కోపం నాలో ఎక్కడుందో ఇన్నాళ్ళు. ఒళ్ళంతా వేడెక్కింది. హాయిగా కూడా ఉంది.

చీర చంకలో పెట్టుకుని తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాను. వీధి మొదట్లో అవ్వ అరుగు మీద ఉంది.

“ఇప్పుడా లేచేది?” అంది. “పొద్దున తప్పెట్లోళ్ళు గుంపుగా వచ్చినారు మా. ఆమె వాళ్ళను ఇంటి ముందర కొట్టనీయలేదు. లోపల మనిషి పడుకోనుంది, మలుపు దాటినాక కొట్టుకోండి అనింది. దండలేసుకుని అందరూ సావు ఇంటినుంచి పోయినట్టు మాట్లాడకుండా పోయినారు ప్రమాణానికి.”

అవ్వ లేచి తన తలుపు బార్లా తీసింది.

“రా లోపలికి. కాఫీ పెడతాను.”

ఆ తలుపు చూడగానే కోపం మళ్ళీ నాలుక మీదికి వచ్చింది. “ఇప్పుడెందుకవ్వా తెరుస్తావు? ఓట్లు అయిపోయినాయి కదా.”

“ఓటు కోసరమా మా నిన్ను పిలిచేది?” అంది అవ్వ. ఆమెకూ కోపం వచ్చింది. “ఆయన పోయినప్పటినుంచి కూర్చోనుండాను, ఎవరైనా నిన్ను నిద్రకు పిలిస్తే బాగుండు, నిన్ను ఇంట్లోకి పిలుద్దామని. రా.”

గడప దాటాను. లోపల నిండు నెలల పిల్ల జరిగి నాకు చాప మీద చోటు ఇచ్చింది. కూర్చున్నాక, ఆయన పోయినప్పటినుంచి మొదటిసారి, గట్టిగా ఏడ్చాను.